వేరు కాపురం ఖర్చులు: బ్రిటన్ బయటికి వచ్చాక

2014 జూన్ 1 దాకా కర్నూలు నుంచి హైదరాబాద్ వెళ్లే సరుకు లారీ ఒకే రాష్ట్రంలో తిరిగే లారీ. మర్నాటి నుంచి లారీ అదే, డ్రైవరూ అతనే, 44వ నంబరు హైవే కూడా అదే. తుంగభద్ర అవతల మాత్రం వేరే రాష్ట్రం. నిన్నటిదాకా మామూలు బిల్లుతో నడిచిన వ్యాపారానికి రాష్ట్రం దాటే సరుకు మీద వేసే కేంద్ర అమ్మకం పన్ను, దాన్ని తగ్గించుకోవడానికి చూపాల్సిన సీ ఫారాలు వచ్చి పడ్డాయి. 2015 ఏప్రిల్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ రవాణా వాహనాల మీద విడిగా పన్ను వసూలు చేయడం మొదలుపెట్టింది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా సరిహద్దు అంటే ఏమిటో ఇక్కడి లారీ యజమానులకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆ మూడేళ్లు చూసినవాళ్లకు బ్రెగ్జిట్, అంటే యూరప్ దేశాల కూటమి అయిన యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం, అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఎందుకంటే బ్రిటన్ చేసిన పని సరిగ్గా దానికి తలకిందులు. ఇక్కడ గీసిన గీతను జీఎస్టీ వచ్చి చాలావరకు చెరిపేసింది. అక్కడ 1973లో ఆ కూటమిలో చేరినప్పటి నుంచి మెల్లగా చెరిగిపోతూ వచ్చిన గీతను ఒక ఓటుతో మళ్లీ గీశారు.

2016 జూన్ 23న రెఫరెండం జరిగింది. బయటికి రావాలన్నవాళ్లు 51.9 శాతం, ఉండిపోదామన్నవాళ్లు 48.1 శాతం. ఆ తర్వాత మూడున్నరేళ్లు ఎలా వెళ్లాలనే దాని మీదే గొడవ. ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందాన్ని పార్లమెంటు మూడుసార్లు తిప్పికొట్టింది. బోరిస్ జాన్సన్ వచ్చాక, 2020 జనవరి 31న బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి అధికారికంగా బయటపడింది. వ్యాపారంలో అసలు తేడా మాత్రం 2021 జనవరి 1న మొదలైంది. అప్పటిదాకా పాత పద్ధతే నడిచింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. బ్రిటన్‌కూ యూరప్‌కూ మధ్య ఇప్పుడు సుంకాలు పడుతున్నాయని అనుకుంటారు. 2020 డిసెంబరు 24న కుదిరిన ఒప్పందం ప్రకారం రెండు వైపులా తయారైన సరుకుల మీద సుంకం లేదు, ఇంత సరుకే రావాలనే పరిమితీ లేదు. మరి నష్టం ఎక్కడ? పన్ను లేకపోవడం వేరు, ఆగకుండా పోవడం వేరు. సుంకం సున్నా అయినా, ఆ సరుకు నిజంగా బ్రిటన్‌లోనే తయారైందని రుజువు చూపాలి. కస్టమ్స్ డిక్లరేషన్ నింపాలి. మాంసం, జున్ను, చేపల్లాంటివైతే పశువైద్యుడి సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. చెక్‌పోస్టు దగ్గర కట్టిన పన్ను కన్నా అక్కడ నిలబడిన గంటలే ఎక్కువ ఖర్చని లారీ నడిపిన ఎవరైనా చెబుతారు.

ఈ ఖర్చు అందరి మీదా ఒకేలా పడదు. ఒక పెద్ద కంపెనీ లారీ నిండా ఒకే రకం సరుకు పంపుతుంది. దానికి ఒక సెట్టు కాగితాలు చాలు, వాటిని చూసుకోవడానికి ఒక ఆఫీసే ఉంటుంది. చిన్న వ్యాపారి అలా పంపలేడు. పదిమంది చిన్నవాళ్ల సరుకు కలిపి ఒక లారీలో వేస్తారు. పదింటిలో ఒకరి కాగితంలో తప్పు దొరికితే లారీ మొత్తం ఆగుతుంది. మిగతా తొమ్మిదిమంది చేపలూ జున్నూ ఆ లారీలోనే ఉంటాయి. రెండుసార్లు ఇలా జరిగితే లారీ యజమాని చిన్నవాళ్ల సరుకు ఎక్కించుకోవడమే మానేస్తాడు. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ పరిశోధకుల లెక్కలో, అంతకుముందు యూరప్‌కు ఎగుమతి చేసిన బ్రిటిష్ సంస్థల్లో దాదాపు 14 శాతం, అంటే పదహారు వేలకు పైగా, ఆ పని పూర్తిగా ఆపేశాయి. పెద్ద సంస్థల ఎగుమతులు మాత్రం పెద్దగా కదల్లేదు. బ్రెగ్జిట్ మీద వచ్చిన అన్ని లెక్కల్లోకీ గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. దేశం మొత్తానికి సగటు తీస్తే నష్టం చిన్నగా కనిపిస్తుంది, ఎవరి మీద పడిందో వాళ్లకు అది దుకాణం మూసేసేంత పెద్దది.

సగటు లెక్క కూడా చూడాలి. బ్రిటన్ బడ్జెట్‌ను తటస్థంగా పరిశీలించే ఆఫీస్ ఫర్ బడ్జెట్ రెస్పాన్సిబిలిటీ అంచనా ప్రకారం, యూనియన్‌లో ఉండిపోయి ఉంటే వచ్చేదాని కన్నా దేశ ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తక్కువగా ఉంటుంది. ఎగుమతులు, దిగుమతులు 15 శాతం తక్కువ. ఇందులో కోవిడ్ దెబ్బ ఎంత, ఉక్రెయిన్ యుద్ధంతో పెరిగిన గ్యాస్ ధరల దెబ్బ ఎంత అని విడదీయడం కష్టమే, అందుకే దాన్ని అంచనా అంటున్నారు. ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఓటు బయటికి పడితే రెండేళ్లలో ఐదు లక్షల ఉద్యోగాలు పోతాయని 2016లో బ్రిటన్ ఆర్థిక శాఖ హెచ్చరించింది. అలా జరగలేదు. పౌండ్ మాత్రం ఫలితం వచ్చిన రోజే ముప్పై ఏళ్ల కనిష్ఠానికి పడిపోయింది. భయపెట్టిన పిడుగు పడలేదు, బావిలో నీళ్లు మాత్రం ఏటా ఒక మెట్టు కిందికి దిగుతున్నాయి. అనంతపురం జిల్లాలో బోర్లు ఎండిన తీరు తెలిసినవాళ్లకు ఈ రెండో రకం నష్టం ఎలాంటిదో తెలుసు. ఏ ఒక్క రోజునూ చూపించి, ఇదిగో ఈ రోజు పోయాయి నీళ్లు, అనలేం.

ఇక రాళ్ల సంగతి. కడప, తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు ఎన్నో కుటుంబాలకు కూడు పెడుతున్నాయి. కడప నల్లరాయి బ్రిటన్‌లో ఇళ్ల ముందు, పెరట్లో పరచడానికి కడప పేరుతోనే అమ్ముడవుతుంది. యూరప్‌లో అలాంటి బండ అమ్మాలంటే బలం, జారుడు, మంచుకు తట్టుకునే గుణం పరీక్ష చేసి సీఈ అనే గుర్తు పెట్టాలి. బ్రిటన్ బయటికి రాగానే, ఇకపై మా గుర్తు మాదే అని యూకేసీఏ అనే కొత్త ముద్ర తెచ్చింది. పాత గుర్తు 2021 చివరికల్లా చెల్లదన్నారు. అది 2022కి జరిగింది. తర్వాత 2024కి జరిగింది. చివరికి 2023 ఆగస్టులో చాలా రకాల సరుకులకు, ఏడాది తర్వాత ఇళ్ల కట్టుబడి సామాన్లకు, సీఈ గుర్తునే ఇక ముందూ ఒప్పుకుంటామని ప్రభుత్వం చెప్పేసింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. ఒకే సరుకుకు రెండు పరీక్షలు, రెండు ముద్రలు అంటే బ్రిటన్‌లోని తయారీదారులే గగ్గోలు పెట్టారు. యూరప్ మార్కెట్ పెద్దది కాబట్టి ఎవరైనా ముందు దాని గుర్తే వేయించుకుంటారు, చిన్న మార్కెట్టు కోసం ఇంకోటి వేయించడానికి ఒప్పుకోరు. ఫలితం ఏమిటంటే, సీఈ గుర్తు చట్టాలు చేసే బల్ల దగ్గర ఒకప్పుడు బ్రిటన్‌కు కుర్చీ ఉండేది. ఇప్పుడు గుర్తు ఉంది, కుర్చీ లేదు.

వేరుశనగదీ ఇదే దారి. అనంతపురం నేలంతా ఒకప్పుడు శనక్కాయే. ఆ కాయకు అసలు శత్రువు బూజు, దానివల్ల పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం. కోతల ముందు వానలు లేక కాయ బెట్టకొచ్చినా, పీకాక సరిగ్గా ఎండకపోయినా అది పెరుగుతుంది. నేరుగా తినే పప్పులో అఫ్లాటాక్సిన్లన్నీ కలిపి కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదని యూరప్ నిబంధన. ప్రపంచంలోనే గట్టి నిబంధనల్లో అదొకటి. బ్రిటన్ విడిపోతే అది కాస్త సడలుతుందని ఆశపడ్డవాళ్లు ఉండొచ్చు. సడలలేదు. విడిపోతూ యూరప్ చట్టాల్లో దాదాపు అన్నిటినీ బ్రిటన్ తన చట్టాలుగా రాసుకుంది, ఆ పరిమితీ అందులోనే వచ్చింది. వేల సంఖ్యలో ఉన్న ఆ పాత చట్టాలను 2023 చివరికల్లా ఒక్కసారే రద్దు చేస్తామని ఒక దశలో అన్నారు. తీరా లెక్క తీస్తే రద్దయినవి దాదాపు 600, వాటిలో చాలావరకు ఎప్పుడో పనికిరాకుండా పోయినవే.

ఎగుమతిదారుకు మారింది ఇంకొకటి. ఇంతకుముందు బ్రిటన్ రేవులో సరుకు దింపి ఒకసారి తనిఖీ, సుంకం అయిపోతే అది ఐర్లండ్‌కు పోయినా ఫ్రాన్స్‌కు పోయినా అడిగేవాడు లేడు. ఇప్పుడు బ్రిటన్ గోదాములోంచి డబ్లిన్‌కు పంపాలంటే అది మళ్లీ కొత్తగా దిగుమతి. బ్రిటన్, యూరప్ మధ్య సున్నా సుంకం బ్రిటన్‌లో తయారైన సరుకుకే, మన దగ్గర్నుంచి వెళ్లినదానికి కాదు. రాయలసీమకు సముద్రం లేదు. ఏదైనా చెన్నై లాంటి రేవుకు మోసుకెళ్లి ఓడ ఎక్కించాల్సిందే. అంత దూరం మోసిన సరుకును ఇప్పుడు బ్రిటన్ రేవు ఫెలిక్స్‌టోకు వేరుగా, యూరప్ రేవు రాటర్‌డామ్‌కు వేరుగా సర్దాలి. చిన్న పరిమాణంలో పంపేవాళ్లకు అది గిట్టుబాటు కాదు.

ఉమ్మడి ఆస్తి పంచుకోవడంలో గోడలూ గదులూ సులువు. బావి, దారి, గట్టు కష్టం. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 9వ షెడ్యూల్‌లో 91, 10వ షెడ్యూల్‌లో 142 సంస్థలున్నాయి. పదేళ్లు దాటినా వాటి పంపకాలు పూర్తి కాలేదు. శ్రీశైలం నీళ్ల సంగతి సీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. బ్రిటన్‌కు శ్రీశైలం లాంటి చిక్కు ఉత్తర ఐర్లండ్. అది బ్రిటన్‌లో భాగం, దాని పక్కనున్న ఐర్లండ్ యూరోపియన్ యూనియన్‌లో దేశం. రెండింటి మధ్య సరిహద్దు దాదాపు 500 కిలోమీటర్లు, పొలాల మీదుగా, ఊళ్ల మధ్య నుంచి పోతుంది. ముప్పై ఏళ్ల నెత్తుటి గొడవలు 1998 ఒప్పందంతో ఆగాయి. ఆ సరిహద్దులో తిరిగి చెక్‌పోస్టు కట్టాలని ఎవరూ కోరుకోలేదు. అలాగని రెండు మార్కెట్ల మధ్య తనిఖీ లేకుండా ఉండదు. కాబట్టి తనిఖీని సముద్రంలోకి, అంటే బ్రిటన్ ప్రధాన ద్వీపానికీ ఉత్తర ఐర్లండ్‌కూ మధ్యకు జరిపారు. ఒకే దేశంలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపే సరుకుకు కాగితాలు పుట్టాయి. మమ్మల్ని పరాయివాళ్లను చేశారని బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనే అక్కడి యూనియనిస్టు పార్టీ రెండేళ్ల పాటు ప్రాంతీయ ప్రభుత్వంలో చేరలేదు. 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఒప్పందం పేరుతో సర్దుబాటు చేశారు. ఉత్తర ఐర్లండ్‌లోనే అమ్ముడయ్యే సరుకుకు పచ్చ దారి, యూరప్‌లోకి దాటే అవకాశం ఉన్నదానికి ఎర్ర దారి. గొడవ తగ్గింది, గీత మాత్రం పోలేదు.

ఇంత నష్టం ఉన్నదానికి జనం ఎందుకు ఓటేశారు? వాళ్లకు తెలియక అనేది అన్యాయమైన జవాబు. కార్న్‌వాల్, పశ్చిమ వేల్స్ బ్రిటన్‌లోకెల్లా యూరప్ నిధులు ఎక్కువగా అందిన పేద ప్రాంతాలు. కార్న్‌వాల్‌లో 56 శాతానికి పైగా, వేల్స్‌లో 52 శాతానికి పైగా బయటికే ఓటేశారు. సండర్‌ల్యాండ్‌లో నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉంది, అందులో తయారయ్యే కార్లలో ఎక్కువ భాగం యూరప్‌కే పోతాయి. అక్కడా 61 శాతం బయటికే. గనులు మూతపడి, ఓడల తయారీ ఆగిపోయి, పిల్లలు లండన్ దారి పట్టిన ఊళ్లవి. రోడ్డు పక్కన యూరప్ నిధులతో కట్టినదని బోర్డు ఉంటుంది, ఇంట్లో ఉద్యోగం ఉండదు. విభజన తర్వాత రాయలసీమ నాలుగు జిల్లాలకూ ఉత్తరాంధ్ర మూడు జిల్లాలకూ వెనకబాటు నిధి కింద జిల్లాకు ఏడాదికి 50 కోట్ల రూపాయలు ప్రకటించినప్పుడు ఇక్కడి జనం ఎలా చూశారో గుర్తు చేసుకుంటే ఆ ఓటు అర్థమవుతుంది. ఇచ్చినది లెక్కలోకి రాదు, పోయినదే కళ్ల ముందు ఉంటుంది. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక కాలం నుంచీ సీమ మాట్లాడుతున్నదీ ఈ భాషే.

ఆ కోపం న్యాయమైనదే, దాన్ని తీర్చుకున్న చోటే తప్పిపోయింది. గనులు మూయించింది యూరప్ కాదు. నిర్ణయాలు యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్ నుంచి లండన్‌కు వచ్చాయి తప్ప లండన్ నుంచి కార్న్‌వాల్‌కు రాలేదు. యూరప్ నిధుల స్థానంలో పెట్టిన ఉమ్మడి సమృద్ధి నిధి 2022 నుంచి మూడేళ్లకు మొత్తం 260 కోట్ల పౌండ్లు. పాత లెక్కకు ఇది సరిపోదని కార్న్‌వాల్, వేల్స్ రెండూ మొత్తుకున్నాయి. నిస్సాన్ మాత్రం ఉండిపోయింది, కొత్త ఎలక్ట్రిక్ కార్లకు పెట్టుబడీ పెట్టింది. పెనుకొండ కియా లాంటి ఫ్యాక్టరీ ఏ ప్రభుత్వంతోనైనా మాట్లాడి తన దారి తాను చూసుకోగలదు. దాని పక్కన బోల్టులు చేసే షెడ్డుకు ఆ ఫోను నంబరు ఉండదు.

బయటికి రావడం వల్ల దొరికిన వాటిని కూడా చెప్పాలి. సొంతంగా వాణిజ్య ఒప్పందాలు చేసుకునే స్వేచ్ఛ వచ్చింది. యూనియన్‌లో ఉంటే భారత్‌తో విడిగా ఒప్పందం కుదుర్చుకునే వీలే బ్రిటన్‌కు లేదు. 2022 జనవరిలో మొదలైన చర్చలు 2025 మే 6న ముగిశాయి, జూలై 24న సంతకాలయ్యాయి. భారత సరుకుల్లో 99 శాతం రకాలకు సుంకం ఉండదు. అక్కడి విస్కీ మీద మన 150 శాతం సుంకం ముందు 75కు, పదేళ్లలో 40కి దిగుతుంది. బట్టలు, తోలు, రొయ్యల వాళ్లకు ఇది నిజంగా మంచి వార్త. అయితే దీనివల్ల తమ దేశానికి దీర్ఘకాలంలో ఏటా 480 కోట్ల పౌండ్లు కలుస్తాయని బ్రిటన్ ప్రభుత్వమే వేసుకున్న లెక్క, దేశ ఆదాయంలో సుమారు 0.13 శాతం. ఇది 4 శాతం పక్కన పెట్టి చూడాల్సిన అంకె. దూరపు చుట్టం ఎంత మంచివాడైనా, రోజూ ఇచ్చిపుచ్చుకునేది పక్కింటివాళ్లతోనే.

కూటమి వదిలింది బ్రిటన్ ఒక్కటే కాదు. పశ్చిమాఫ్రికాలో మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరి 29న అక్కడి దేశాల ఆర్థిక కూటమి ఎకోవాస్ నుంచి వైదొలగాయి. మూడింటికీ సముద్రం లేదు. అయితే ఉమ్మడి కరెన్సీ కూటమిని మాత్రం వదల్లేదు, దాంతో దెబ్బ కొంత తగ్గింది. 2019 నవంబరులో భారత్ ఆసియా, పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందమైన ఆర్‌సెప్‌లో చేరకుండా ఆగడం వేరే సంగతి. చేరకపోవడానికి ఖర్చు ఊహలో ఉంటుంది, చేరి యాభై ఏళ్లు అల్లుకున్నాక తెంచుకుంటే ప్రతి పోగూ లెక్కకొస్తుంది.

బ్రిటన్ ఆ పోగుల్లో కొన్నింటిని ఇప్పుడు మళ్లీ కడుతోంది. పరిశోధనలకు డబ్బిచ్చే హొరైజన్ పథకంలో 2024 జనవరిలో తిరిగి చేరింది. 2025 మే 19న లండన్‌లో యూరప్‌తో కూర్చుని, ఆహార సరుకుల తనిఖీలు తగ్గించుకునే దారికి ఒప్పుకుంది. దానికి బదులు యూరప్ ఆహార నిబంధనలు మారినప్పుడల్లా తానూ మార్చుకోవాలి, ఖర్చులో వాటా కట్టాలి. యూరప్ పడవలు తన జలాల్లో చేపలు పట్టుకోవడానికి 2038 దాకా అనుమతి పొడిగించింది. రెఫరెండంలో సార్వభౌమత్వానికి గుర్తుగా నిలిచింది చేపలవాళ్లే.

ఇక సీమ ఇళ్లలో బ్రెగ్జిట్ నేరుగా అడుగుపెట్టిన చోటు వీసాలు. యూరప్ నుంచి ఎవరైనా వచ్చి పనిచేసే హక్కు 2020 చివరితో పోయింది. యూరప్ విద్యార్థులు కూడా విదేశీ ఫీజు కట్టాల్సి రావడంతో తగ్గిపోయారు. ఖాళీలు నింపడానికి బ్రిటన్ భారత్, నైజీరియాల వైపు తిరిగింది. చదువయ్యాక రెండేళ్లు పనిచేసుకునే గ్రాడ్యుయేట్ వీసా 2021 జూలైలో మొదలైంది. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో భారతీయులకు ఇచ్చిన విద్యార్థి వీసాలు 1.42 లక్షలు దాటాయి. ఆ ఏడాదే అక్కడ నికర వలస, అంటే వచ్చినవాళ్లలోంచి వెళ్లినవాళ్లను తీసేసిన లెక్క, 9 లక్షలు దాటింది, రెఫరెండం నాటికి ఉన్నదానికి రెండింతల పైనే. వలస తగ్గాలని ఓటేసినవాళ్లకు దొరికింది ఇది. దాని కోపం మళ్లీ వచ్చినవాళ్ల మీదే పడింది. 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సుల వాళ్లు, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో వెళ్లేవాళ్లు తప్ప మిగతా విద్యార్థులు కుటుంబాన్ని తీసుకెళ్లలేరు. నైపుణ్య ఉద్యోగ వీసాకు మామూలుగా ఉండాల్సిన జీతం 26,200 పౌండ్ల నుంచి 2024 ఏప్రిల్‌లో 38,700కు, 2025 జూలైలో 41,700కు పెరిగింది. వృద్ధుల సంరక్షణ పనికి విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడం అదే నెలలో ఆపేశారు.

కాబట్టి అనంతపురంలోనో కడపలోనో కన్సల్టెన్సీ మెట్లెక్కేముందు ఒక తేదీ రాసి పెట్టుకోవాలి. గ్రాడ్యుయేట్ వీసాకు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్లు కాదు, 18 నెలలే. పీహెచ్‌డీ వాళ్లకు మూడేళ్లు అలాగే ఉంది. 2025 సెప్టెంబరులో ఏడాది ఎమ్మెస్సీలో చేరి, 2026 చివరికల్లా ఫలితం వచ్చి దరఖాస్తు పెట్టగలిగినవాళ్లకు పాత రెండేళ్లు. 2026 జనవరిలో చేరినవాళ్లూ ఆ తర్వాత చేరేవాళ్లూ 18 నెలల లెక్కలోకి వస్తారు. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం నెలలు తగ్గాయని తగ్గదు. ఆ 18 నెలల్లో 41,700 పౌండ్ల ఉద్యోగమో, కొత్తగా చదువు ముగించినవాళ్లకు ఉన్న తక్కువ జీతం పరిమితిలో ఇంకో ఉద్యోగమో దొరకాలి. దొరక్కపోతే ఆ అప్పు వాయిదాలు ఏ జీతంతో కట్టాలన్నది విమానం టికెట్ కొనకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క.